దూలం కింద చాప

కొమ్మోజు సత్యలింగం మాస్టారికి ఒక అలవాటుంది. గోదావరి గట్టు పక్కన వరసగా ఉన్న సామిల్లుల్లో రంపాలు మొదలవకముందే లేస్తారు. కాఫీ కూడా ముట్టకుండా ఇంటి వెనక పాత పెంకుటి సావడిలోకి వెళ్లి, గోడ వారగా చాప వేసుకుని, కళ్లు మూసుకుని కూర్చుంటారు. రంపాల మోత మొదలవగానే చాప చుట్టేసి బయటికి వస్తారు. ఇంజనీరింగు కాలేజీలో ఏళ్ల తరబడి కలప గురించి పాఠాలు చెప్పి, రిటైరయ్యాక కూడా ఇంటికొచ్చినవాళ్లకి చెబుతూనే ఉన్న మనిషి ఆయన. శిష్యులు దాన్ని జపం అనుకునేవాళ్లు. ఆయన అవుననీ అనలేదు, కాదనీ అనలేదు.

ఆ శిష్యుల్లో మార్తాండ ఒకడు. 'కలప లోకం' అనే పక్షపత్రికలో పని చేస్తున్నాడు. దుంగల ధరలూ వేలంపాటల తేదీలూ తప్ప మరేదీ ఎరగని ఆ పత్రికకి నిప్పు అంటించినవాడు అతనే. నిరుడు వేసవిలో వ్యాపారుల సంఘం ఒక కోరిక కోరింది. ఇళ్ల కప్పుకి వాడే జామాయిల్ కలప ఎంత బరువు మోయవచ్చో చెప్పే ప్రమాణాన్ని పెంచమంది. ఆ అంకె పెరిగితే దూలాలు సన్నబడతాయి, ఇల్లు చవకవుతుంది. టేకు అమ్మే అడితీలవాళ్లు భగ్గుమన్నారు. మార్తాండ జామాయిల్ వైపు నిలబడ్డాడు. వ్యాపారులు బాగుపడాలని కాదు. టేకు కోసం నున్నగా గొరిగిన కొండల్ని చూశాడు, వరదలో ఇళ్లు పోయి టార్పాలిన్ల కింద కాపురాలు చేస్తున్న గోదావరి లంకల జనాన్ని చూశాడు. 'అడవికి ఊపిరి, పేదవాడికి నీడ' అని పత్రిక మొదటి పేజీ అంతా పరిచి రాశాడు. అతని కోపంలో న్యాయం ఉంది, ఆ మాట ముందే చెప్పి తీరాలి. కోపం రానివాళ్లు కూర్చుని రాసిన నిబంధనల కింద ఎన్ని కప్పులు కూలాయో ఎవరూ లెక్క రాయలేదు.

ఆ ప్రమాణం తేల్చే కమిటీలో మాస్టారు కూడా ఒకరు. అందరూ సరేనంటున్న సభలో ఆయన ఒక్కరే 'ఆగండి' అన్నారు. ఎందుకని అడిగితే, 'ఇంకా అయిపోలేదు' అన్నారు. ఏది అయిపోలేదో చెప్పలేదు.

మర్నాడు పొద్దున్న ముసురులో తడుస్తూ మార్తాండ ఆయన ఇంటికి వచ్చాడు. జేబులో సాయంత్రం అచ్చుకి వెళ్లాల్సిన వ్యాసం ఉంది. దాని పేరు 'టేకు నీడలో మాస్టార్లు'. గురువుని తిట్టబోయే ముందు ఒక్కసారి ముఖాముఖి అడగాలనుకున్నాడు. అంతపాటి మర్యాద ఉన్నవాడే.

"మాస్టారూ, ఒక్కటే అడుగుతాను. పరీక్షలో నెగ్గినదాన్ని మీరెందుకు నమ్మరు? నా కళ్లముందే జామాయిల్ దూలాన్ని యంత్రంలో పెట్టి నొక్కారు. వ్యాపారులు అడిగిన బరువు దాటి ఎంతో దూరం పోయాకే విరిగింది. అంకెకి కులం లేదు, వర్గం లేదు. మీకేమిటి ఈ టేకు మోజు?"

"కాఫీ తాగుతావా?"

"మాట మార్చకండి."

"మాట మార్చను. చోటు మారుద్దాం, రా," అని మాస్టారు సావడి తలుపు తీశారు.

మార్తాండ ఆ సావడిలోకి ఎన్నడూ అడుగు పెట్టలేదు. లోపల ఎదురెదురు గోడల మీదికి ఆనించిన జామాయిల్ దూలం ఒకటి ఉంది. దాని నడుముకి గొలుసులు కట్టి, పాత రుబ్బురోళ్లూ బండరాళ్లూ వేలాడదీశారు. వెనక గోడ మీద సుద్దతో గీసిన అడ్డగీతలు ఒకదాని కింద ఒకటి దిగుతూ ఉన్నాయి. అన్నిటికన్నా కింది గీతకి సరిగ్గా తగులుతోంది దూలం అడుగంచు. గాలి లేదు. రాళ్లు కదలడం లేదు. అంత బరువు అంత కదలకుండా ఉండటం చూస్తే, అది ఎవరి కోసమో ఊపిరి బిగబట్టి ఉన్నట్టు తోచింది.

"నీ అంకె మోస్తుందన్న బరువే ఇది. ఒక్క రాయి ఎక్కువ లేదు. నిరుడు వానలకి ముందు కట్టాను."

"మోస్తోందిగా!"

"మోస్తోంది."

"ఇంకేం కావాలి మీకు?"

"ఈ అంకె కింద పడుకునేది ఎవరు?"

"ప్రజలు," అన్నాడు మార్తాండ తడుముకోకుండా.

"పేరు?"

మార్తాండ గొలుసుల వంక చూశాడు. "మా వరాలత్త," అన్నాడు చివరికి.

తల్లి పోయాక అతన్ని పెంచింది ఆ మేనత్తే. లంకలో ఆమె ఇల్లు వరదకి కొట్టుకుపోయింది. కొత్త ఇంటికి లావుపాటి దూలాలు కొందామనుకుంటుంటే, మార్తాండ తన వ్యాసం చదివి వినిపించి, కొత్త అంకె ప్రకారం సన్నటి జామాయిల్ దూలాలు కొనిపించాడు. ఆ దూలాలు ఎత్తేది ఇవాళే. 'మా మార్తాండం పత్రికలో రాశాడు, తప్పుతుందా?' అని ఆమె ఊరంతా చెప్పుకుంటోంది.

"అయితే గోడ పక్కన కూర్చో. కాసేపు విందాం."

"గోడ పక్కనెందుకు? నా అంకె మీద నాకు నమ్మకముంది." మార్తాండ చాప లాక్కుని సరిగ్గా రాళ్ల కిందే వేసుకుని కూర్చున్నాడు. "నమ్మనివాళ్లు దూరంగా కూర్చోవచ్చు."

"నువ్వక్కడ కూర్చుంటే నేనిక్కడ కూర్చోవడం బాగుండదు," అని మాస్టారు కూడా వచ్చి, అతని పక్కనే, ఆ రాళ్ల కిందే బాసింపట్టు వేసుకున్నారు.

బయట రంపాలు ఆడుతున్నాయి. వాటి మోతలో ఒకరి మాట ఒకరికి వినపడదు. ఉన్నట్టుండి కరెంటు పోయింది. గట్టు పొడుగునా రంపాలన్నీ మూలిగి ఆగిపోయాయి.

అప్పుడు వినపడింది. వెనక ఎవరో కూర్చుని, తీరిగ్గా, ఒక్కో మెటికా విరుచుకుంటున్నట్టు. మార్తాండ తల తిప్పి చూశాడు. ఎవరూ లేరు. మళ్లీ వినపడింది. ఈసారి వెనక కాదు, తన మెడ ఎముకలోనే విరిగినట్టనిపించి, చేత్తో తడుముకున్నాడు. మూడోసారికి అర్థమైంది. తల ఎత్తడానికి ధైర్యం చాల్లేదు.

"ఎప్పట్నుంచి ఇలా?" గొంతు తగ్గించి అడిగాడు, దూలానికి వినపడుతుందేమో అన్నట్టు.

"కట్టిన రోజు నుంచి."

గోడ వైపు చూశాడు. తాను వచ్చేసరికి ఆఖరి గీతకి తగిలి ఉన్న దూలం అంచు ఇప్పుడు ఆ గీతకి కింద ఉంది. అది దిగుతుండగా చూడలేదు. దిగి ఉండటమే చూశాడు.

మెటికలు వేగంగా విరగసాగాయి. ఒకదాన్నొకటి తరుముకుంటున్నట్టు కాసేపు కొట్టుకుని, ఒక్కసారిగా ఆగిపోయాయి. సావడిలో చీమ చిటుక్కుమంటే వినపడేంత నిశ్శబ్దం. మార్తాండకి ప్రాణం లేచొచ్చింది.

"చూశారా మాస్టారూ, నిమ్మళించింది! బరువుకి అలవాటు పడింది."

మాస్టారు లేచి అతని రెక్క పట్టుకున్నారు. "లే."

"ఇప్పుడే కదా—"

"లే అంటున్నాను!"

ఆయన అలా గద్దించడం మార్తాండ ఎన్నడూ వినలేదు. ఈడ్చినట్టే గుమ్మం దాకా తీసుకుపోయారు. పెద్ద చప్పుడేమీ కాలేదు. తడి పంచె నిలువునా చింపినట్టు ఒక మెత్తటి చప్పుడు, అంతే. తరవాత రాళ్లు పడ్డాయి. కాళ్ల కింద నేల అదిరింది. సుద్దా దుమ్మూ సర్దుకున్నాక చూస్తే, ఇద్దరూ కూర్చున్న చాప మీద రుబ్బురోలు బోర్లా పడి ఉంది. దూలం రెండు ముక్కలూ పొడుగాటి తెల్లటి పీచుతో ఇంకా ఒకదాన్నొకటి పట్టుకుని ఊగుతున్నాయి.

"ఇవాళ దాని మీద ఎవరూ ఏమీ పెట్టలేదు కదా!" అన్నాడు మార్తాండ. "ఎవరూ ముట్టుకోనైనా లేదే!"

"ఎప్పుడో పెట్టిందేగా," అన్నారు మాస్టారు. "యంత్రం కాసేపే నొక్కింది, ఇది ఏడాదిగా మోసింది."

మార్తాండ ఫోను తీసి అత్తకి చేశాడు.

"ఒరేయ్ మార్తాండం, ఎక్కడున్నావురా?" అత్త గొంతు సంబరంగా ఉంది. "దూలాలకి పసుపు రాసేశాం. కొబ్బరికాయ నువ్వే కొట్టాలి. వడ్రంగి తొందరపెడుతున్నాడు."

"ఎత్తొద్దను అత్తా. ఆపెయ్యమను."

"అదేమిట్రా? గట్టివని నువ్వే కదా అన్నావు!"

"నేనే అన్నాను. లావువి వేయిద్దాం. నేనొస్తున్నా. నేనొచ్చేదాకా ఎవర్నీ ఎక్కనివ్వకు."

"సర్లే, రా," అంది అత్త, ఇందాకటి సంబరం లేని గొంతుతో.

జేబులోంచి వ్యాసం తీశాడు. వానకి తడిసి అక్షరాలు ఒకదాంట్లోకి ఒకటి దిగిపోయాయి. దాన్ని ఏం చెయ్యాలో తెలియక చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. కరెంటు ఇంకా రాలేదు. వాన కూడా ఆగింది.

ఆ నిశ్శబ్దంలో మళ్లీ ఒక మెటిక విరిగింది.

మార్తాండ ఉలిక్కిపడి విరిగిన దూలం వంక చూశాడు. దాని మీద ఇక బరువేమీ లేదు. చప్పుడు అక్కణ్ణుంచి కాదు. మెల్లిగా తల పైకెత్తాడు. సావడి కప్పుని మోస్తున్న నల్లటి పాత టేకు దూలాలు, మాస్టారి తాతలనాటివి, పెంకులకింద చీకట్లో వరసగా ఉన్నాయి. వాటిలో ఏదో ఒకటి, చాలాసేపటికి, ఇంకోసారి పలికింది.

"మాస్టారూ... అదీనా?"

మాస్టారు చాప మీది దుమ్ము దులిపే ప్రయత్నం చేసి, రోలు కదలక, వదిలేశారు.

"అది ఎప్పుడూ మాట్లాడుతూనే ఉంది," అన్నారు. "నువ్వే ఇప్పుడు వచ్చావు."