దుప్పి నమ్మని కేక

తునికి చెట్ల లోయలో పైన కొండముచ్చులు, కింద దుప్పులు కలిసి బతికేవి. పైవాళ్ళది చూపు, కిందివాళ్ళది ముక్కు. పులి కనిపిస్తే కొండముచ్చు కేక పెట్టేది. గాలిలో పులి వాసన తగిలితే దుప్పి నేలను కాలితో తన్నేది. కొండముచ్చులు సగం కొరికి పారేసిన పళ్ళన్నీ దుప్పులవే. ఇందుకు ఎవరూ ఎవరికీ మాట ఇచ్చుకోలేదు, ఒట్టు పెట్టుకోలేదు. ఆ అవసరమే రాలేదు మరి.

వాగు ఒడ్డున కాపలా కొమ్మ మీద కూర్చునే ముసలి కొండముచ్చు పేరు జోగన్న. దాని నీడలో మేసే ఆడ దుప్పి చుక్కాలు. ఇద్దరికీ కబుర్లు చెప్పుకోనిదే పొద్దు గడిచేది కాదు.

ఇంత పొందికగా ఉంటే పులి తినేదెప్పుడు, పులి వదిలేసింది తాను తినేదెప్పుడు? నక్క బాధ అదీ. ఆ ఏడు అడవిపందులు బాగా పిల్లల్ని పెట్టాయి. నక్క నేరుగా దుప్పుల పెద్ద దగ్గరికి వెళ్ళింది.

"పందుల సంత చూశారా? రేపు మీకు గడ్డిపరక మిగలనిస్తారా? నెమళ్ళతో పొత్తు పెట్టుకోండి, ధైర్యంగా ఉంటుంది."

దుప్పులు భయపడి అలాగే చేశాయి. నక్క అటునుంచి అటే కొండముచ్చుల దగ్గరికి పోయింది.

"మీకు మాట మాత్రం చెప్పకుండా నెమళ్ళతో పొత్తెందుకంట? మీ మీదికి కాదని ఏమిటి నమ్మకం?"

దాంతో కొండముచ్చులు పందులతో చేయి కలిపాయి. రెండు పొత్తులకూ షరతు ఒక్కటే. పిలుపొస్తే వెళ్ళాలి, ఎందుకని అడగకూడదు. ఇంత తెలివితక్కువ షరతు నేనెక్కడా వినలేదు, కానీ అందరూ ఎంతో గర్వంగా ఒప్పుకున్నారు.

"మీవాళ్ళు నెమళ్ళతో కలిశారట?" అంది జోగన్న.

"మా రక్షణ కోసమే అన్నా. మరి మీవాళ్ళు పందులతో?"

"మా రక్షణ కోసమే చెల్లీ."

"ఎవరి నుంచి?"

జోగన్న ఓ పండు కొరికి కింద పడేసింది. చుక్కాలు తినేసింది.

కొన్నాళ్ళకు పొదలో నెమలి పెట్టిన గుడ్లు మాయమయ్యాయి. చుట్టూ పంది అడుగులు. అక్కడ పందులు రోజూ దుంపలు తవ్వుతాయని అందరికీ తెలుసు, అయినా ఆవేళ ఎవరికీ గుర్తు రాలేదు. నక్క మూతికి అంటిన సొన వంక ఎవరూ చూడలేదు. నెమళ్ళు దుప్పులను పిలిచాయి, పందులు కొండముచ్చులను పిలిచాయి. ఎందుకని ఎవరూ అడగలేదు.

దుప్పులు వాగుకు అడ్డం నిలబడ్డాయి. నీళ్ళకు దిగిన కొండముచ్చును కొమ్ములతో కుమ్మేవి. కొండముచ్చులు పై నుంచి కొమ్మలు విరిచి వేసేవి. దుప్పుల కోసం కేక పెట్టకూడదని జోగన్నకు పెద్దల ఆజ్ఞ. నక్క దుప్పులకు ఇంకో ముక్క కూడా చెప్పిపెట్టింది.

"ఒకవేళ కేక పెట్టినా కదలకండి. మిమ్మల్ని వాగు దగ్గర్నుంచి తరిమే ఎత్తు అది."

ఆ మధ్యాహ్నం వాగు కాపలా చుక్కాలుది. పైన కొమ్మ మీద నోరెండి జోగన్న. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు. అంతలో తుంగలో చారలు కదిలాయి. గాలి అవతలికి వీస్తోంది, చుక్కాలుకు వాసన అందదు. జోగన్న ఆజ్ఞను గాలికి వదిలి గొంతు చించుకుని కేక పెట్టింది.

చుక్కాలు తలెత్తింది. కదల్లేదు.

"ఇంతకు దిగజారావా అన్నా? దాహమైతే నన్ను అడగకూడదూ? నీళ్ళు తాగనిచ్చేదాన్ని. అబద్ధమెందుకు?"

"అబద్ధం కాదు చెల్లీ, పరుగెత్తు!"

అదే చుక్కాలు విన్న ఆఖరి మాట.

దుప్పులు కొండ దాటి వెళ్ళిపోయాయి. పులీ వాటి వెంటే పోయింది. కింద వాసన పట్టేవాళ్ళు లేక కొండముచ్చులు కూడా లోయ వదిలాయి. ఆజ్ఞ మీరినందుకు జోగన్నను తమతో రావద్దన్నాయి.

పంది తవ్విన చోట నెమలి పురుగులు ఏరుకుంటుంటే జోగన్న చూసింది.

"మీ గుడ్ల తగాదా ఏమైంది?" అని అడిగింది.

"అదా? ఎప్పుడో సర్దుకున్నాం. మీకు చెప్పడం మరిచిపోయాం," అంది పంది.

జోగన్నకు ఏడుపొచ్చింది. ఎవరి ముందు ఏడవాలో తెలియలేదు.

కొన్నాళ్ళకు నక్క ఆ చెట్టు కిందికి వచ్చింది. పులి లేని లోయలో ఎంగిలి ఎక్కడిది? డొక్కలు లోపలికి పోయాయి.

"మామా, ఒంటరిగా ఎన్నాళ్ళుంటావు? ఈ లోయలో పులి లేదు రమ్మని దుప్పులను ఒక్క కేక వెయ్యి. నీకూ తోడుంటుంది."

"నా కేక నమ్మొద్దని వాళ్ళకు నేర్పింది నువ్వే కదరా," అంది జోగన్న. "ఇప్పుడు ఏ గొంతుతో పిలవను?"

నక్క తోక ముడిచి ఆకలితోనే వెళ్ళిపోయింది.

జోగన్న ఓ పండు సగం కొరికి, అలవాటు చొప్పున కింద పడేసింది. సాయంత్రం దాకా అది అక్కడే ఉంది.

నీతి: కొత్త పొత్తుకు ఒప్పుకునే ముందు, దాని కోసం ఏ పాత స్నేహితుణ్ణి పోగొట్టుకోవలసి వస్తుందో అడగండి.