వదులు ఈల

యువరాజుని పట్టుకున్నవి రాజుగారి కుక్కలే. నిండు కొలువులో, పట్టపగలు, వాటికి ఈల నేర్పిన మనిషి కళ్లెదుటే పట్టుకున్నాయి.

మొదటినుంచీ చెబుతాను, వినండి. గండశిలాపురం అని ఒక రాజ్యం ఉండేది. రాజు చండవర్మకి ఒక్కడే కొడుకు, విజయకేతు. వేటకుక్కలు మాత్రం మూడు: కరియ, జాజి, తెల్లోడు. వాటికి చదువు చెప్పేది మైలమ అనే గొర్రెలకాపరుల పిల్ల. నోట్లో రెండు వేళ్లు పెట్టి ఈల వేసేది. సాగదీసి వేస్తే ‘రా’. తుంచి వేస్తే ‘ఆగు’. పైకి లేపి వేస్తే ‘పట్టు’.

నాలుగోది ‘వదులు’ నేర్పబోతుంటే రాజు అడ్డుపడ్డాడు.

“పట్టింది వదలడమేమిటి? మా వంశంలోనే లేదు!”

అది తప్పని మైలమకి తెలుసు. అయినా నోరు మూసుకుంది. వేటలో పట్టిన జింకని కుక్కల దవడల మధ్య కర్ర దూర్చి విడిపించేవారు.

ఇంతలో ఏడు సముద్రాల అవతలి నుంచి ధూమకేశుడనే మాంత్రికుడు అతిథిగా వచ్చాడు. చేతిలో చిలక పంజరం. మూడు రోజులు కుక్కల బడి దగ్గర కూర్చున్నాడు. మైలమ ఏ ఈల వేస్తే చిలక ఆ ఈల వేసేది. అందరూ నవ్వారు. మైలమ కూడా నవ్వింది.

నాలుగో రోజు కొలువులో మాంత్రికుడు పంజరాన్ని గోటితో కొట్టి, యువరాజుని చూపించాడు. చిలక ‘పట్టు’ ఈల వేసింది. కరియ కుడి చెయ్యి పట్టింది, జాజి ఎడమ చెయ్యి పట్టింది, తెల్లోడు నడికట్టు పట్టాడు.

మైలమ ‘రా’ అని ఈల వేసింది. వచ్చాయి, యువరాజుని ఈడ్చుకుంటూ. ‘ఆగు’ అని వేసింది. ఆగాయి, యువరాజుని వదలకుండానే. వేళ్లు నోట్లోనే ఉండిపోయాయి. వెయ్యడానికి ఇంకో ఈల లేదు.

మాంత్రికుడు పిడికెడు బూడిద ఊదాడు. యువరాజు శిల అయిపోయాడు.

“మూడు నెలల్లో కోట తాళాలు నా దగ్గరికి రావాలి. లేదంటే నీ కొడుకు సముద్రం అడుగుకి!” అని శిలని చంకన పెట్టుకుని మాయమయ్యాడు.

రాజు సింహాసనం దిగి విరుచుకుపడ్డాడు. “మైలమా, నీ తల తీయిస్తాను!”

“తిరిగొచ్చాక తీయించండి ప్రభూ. యువరాజుని వెతకడానికి అది కావాలి.”

పడవ ఎక్కాక కుక్కల్ని నిలదీసింది. “చిలక కూస్తే పట్టేస్తారర్రా? సిగ్గులేదూ?”

“ఈల నేర్పావు గానీ, ఎవరి ఈల వినాలో చెప్పలేదు కదమ్మా,” అంది కరియ. “మాకు నోరుంది సరే, ఈల పడితే మా కాళ్లు మా మాట వినవు.”

“ఇంకో సంగతి,” అంది జాజి. “ఆ మాంత్రికుడి దగ్గర ఊపిరి వాసనే లేదు. వాడి ఊపిరి చిలక దగ్గర ఉంది.”

మైలమకి అర్థమైంది. అంటే వాడి ప్రాణం చిలకలో ఉందన్నమాట!

ఆ పూటే నాలుగో ఈల మొదలుపెట్టింది. పైనుంచి కిందికి దించే ఈల, ‘వదులు’. ఒకటో సముద్రంలో తెడ్డు పట్టించి వదలమంది. వదల్లేదు. మూడో సముద్రంలో తెల్లోడు వదిలాడు, నీళ్లలోకి. ఏడో సముద్రం దాటేసరికి మూడు కుక్కలూ కోడిగుడ్డు పట్టి, పగలకుండా వదలడం నేర్చాయి.

మాంత్రికుడి కోటకి మూడు వందల కిటికీలు. చిలక ఏ గదిలో ఉందో! మైలమ గోడ బయట నిలబడి ‘రా’ అని ఈల వేసింది. చిలక ఊరుకోగలదా? ఎక్కడో లోపలినుంచి అదీ ‘రా’ అంది. అంతే, కుక్కలు ఆ పిలుపు వెంటే పరుగెత్తాయి. వాటి వెనకే మైలమ.

చిలక గదిలో మాంత్రికుడు అదిరిపడ్డాడు. “ఆపు, ఆపవే వాటిని!” చిలక ‘ఆగు’ అంది. కుక్కలు గుంజల్లా నిలబడిపోయాయి. మాంత్రికుడు బూడిదకోసం సంచిలో చెయ్యి పెట్టాడు.

మైలమ చిలకని చూపించి ‘పట్టు’ అని వేసింది. కరియ ఒక్క దూకులో పంజరం విరిచి చిలకని నోట కరిచింది. మాంత్రికుడు మెడ పట్టుకుని కూలబడ్డాడు. చిలక ‘రా’ అంది, ‘ఆగు’ అంది, కంగారులో ‘పట్టు’ కూడా అంది. దవడ ఇంకాస్త బిగిసింది. నాలుగో ఈల చిలక ఎప్పుడూ వినలేదు!

“తల్లీ, వదిలించు!” అని మొత్తుకున్నాడు మాంత్రికుడు.

“యువరాజుని లేపు. తర్వాత వదిలిస్తాను.”

మాంత్రికుడు మూలనున్న శిలమీద నీళ్లు చల్లాడు. విజయకేతు కళ్లు తెరిచి, ఎదురుగా కుక్కల్ని చూసి “అమ్మో!” అని గోడెక్కబోయాడు. మైలమ ‘వదులు’ ఈల వేసింది. చిలక ఈక చెదరకుండా ఆమె చేతిలో పడింది.

అందరూ తిరిగొచ్చారు. చిలక మైలమ దగ్గరే ఉండిపోయింది. ప్రాణం ఎక్కడుంటే మనిషీ అక్కడే కదా! మాంత్రికుడు కుక్కలకి సంకటి వండుకుంటూ బతికాడు.

తల తీయిస్తానన్న రాజు ఆ తలమీద తలంబ్రాలు పోయిస్తానన్నాడు. యువరాజు సరేనన్నాడు. మైలమ మాత్రం, “ముందు ఒక మాట. ఇకమీదట ఏ కుక్కకైనా మొదట ‘వదులు’, తర్వాతే ‘పట్టు’. ఎవరు కాదన్నా నేను వినను,” అంది.

రాజు ఏదో అనబోయాడు. కొడుకు చేతిమీద పంటిగాట్లు చూసి ఊరుకున్నాడు.

పెళ్లి జరిగింది. వాళ్లు అరవై ఏళ్లు ఏలారు. ఆ అరవై ఏళ్లలో ఎన్నో కుక్కలు పుట్టాయి, ఎందరో వీరులు తొందరపెట్టారు. ‘వదులు’ రాని కుక్కకి మైలమ ‘పట్టు’ నేర్పలేదు. ఒక్కదానికి కూడా.