తప్పు దొరకని ఆట

విజయనగరంలో మా చదరంగం మాస్టారు సన్యాసిరావు గారిది ఒక మొండి నియమం. ఆటయ్యాక ఓడినవాడు అడిగితే, గెలిచినవాడు మళ్ళీ కూర్చుని ఎత్తులన్నీ వేసి చూపించాలి. ఆకలనీ, బస్సు వెళ్ళిపోతుందనీ సాకులు చెబితే ఆయన ఊరుకోరు.

రాష్ట్ర పోటీల్లో ఓడి వచ్చిన సుగుణ ఒకనాడు తన ఎత్తుల కాగితం ఆయన ముందు పెట్టింది. ఆ పోటీల కోసం మూడేళ్ళు ఒళ్ళు హూనం చేసుకున్న పిల్ల. కళ్ళు వాచిపోయి ఉన్నాయి.

"వారమై వెతుకుతున్నాను మాస్టారూ, నా తప్పెక్కడో దొరకట్లేదు. తప్పు చెయ్యకుండా కూడా ఓడిపోతారా? అలాగైతే ఇంక ఆడడమెందుకు?" అంది. ఆ ఆట మేమూ పదిసార్లు వేసి చూశాం. మాకూ దొరకలేదు.

మాస్టారు కాగితం ముట్టుకోకుండా పైడిరాజు సంగతి ఎత్తుకున్నారు. ఆయన ఈడువాడే, ఆయన వీధివాడే. అప్పటికి అతనికి ఉద్యోగాల వయసు దాటిపోతోంది. పోటీల్లో మాస్టారితో పడిన చివరి ఆట ఒక్కటి డ్రా చేసుకున్నా రైల్వేలో ఆటగాళ్ళ కోటాలో ఉద్యోగం ఖాయం. తెల్లపావులు మాస్టారివి.

"నేను నడిమి బంట్ల జోలికి పోలేదు. పక్క బంటు జరిపి, దాని వెనక శకటుని ఐమూలగా కూర్చోబెట్టాను. బోర్డు నడుమంతా వాడిదే. ముప్పయ్యో ఎత్తు దాకా ఎవరు చూసినా ఆట వాడిదే అనేవారు. చివరికి ఆ మూలనున్న శకటు దెబ్బకే వాడికి ఆట కట్టయింది."

ఆటయ్యాక ఎత్తులు చూపించమని పైడిరాజు అడిగాడు, మాస్టారు కూర్చున్నారు. ఎత్తులు ఒక్కొక్కటే వెనక్కి తీసుకుంటూ పోయారు. పావులన్నీ మొదటి గళ్ళలోకి వచ్చేశాయి గానీ తప్పు మాత్రం దొరకలేదు.

"నువ్వు తప్పేం చెయ్యలేదురా అన్నాను. అదేదో పెద్ద మెప్పుకోలనుకున్నాను, వెధవని. 'తప్పే లేకపోతే ఇంక దిద్దుకోడానికేముందిరా' అని లేచిపోయాడు. జూట్ మిల్లులో చేరాడు. ఆ తర్వాత ముప్పయ్యేళ్ళు బతికాడమ్మా, మళ్ళీ పావు పట్టలేదు. ఆట మాటెత్తితే పెద్ద మనిషి, నడివీధిలో ఏడ్చేవాడు."

అప్పుడాయన సుగుణ కాగితం అందుకున్నారు. ఆయన వేలు ఎత్తుల వెంట కిందిదాకా వెళ్ళింది, మళ్ళీ పైకొచ్చింది, మళ్ళీ కిందికి వెళ్ళింది. సుగుణ కాగితం చూడడం మానేసి ఆయన మొహమే చూస్తోంది.

"పద్నాలుగో ఎత్తమ్మా," అన్నారు మాస్టారు తలెత్తకుండా. "గుర్రాన్ని అక్కడ పెట్టకుండా ఉండాల్సింది. రేపు పెందలాడే రా, దిద్దుకుందాం."