వకుళ కథ ఆఖరి పేజీ

వకుళ పంపిన కథలన్నీ తిరిగొచ్చాయి. కొన్ని పత్రికలైతే తిప్పి పంపే మర్యాద కూడా పాటించలేదు. కొత్తగా రాసిన కథ పట్టుకుని రాజ్యంగారింటికి బయల్దేరుతూ, ఇది కూడా బాగాలేదంటే ఇక కలం ముట్టుకోకూడదని నిర్ణయించుకుంది.

రాజ్యంగారు బాపట్లలో టీచరుగా రిటైరయ్యారు. ఆవిడ కథలు అచ్చయిన రోజుల్లో సగం మంది చుట్టాలు రాకపోకలు మానేశారు. మిగతా సగం కూడా మానేసుంటే ఇంకో నవల రాసేదాన్నని ఆవిడ అంటూ ఉంటారు. ఆదివారం మధ్యాహ్నం ఇళ్ళల్లో మగవాళ్ళు భోంచేసి పడుకున్నాక, కథలు రాసే ఆడవాళ్ళు ఒకరిద్దరు ఆవిడ వరండాలోకి చేరతారు. ఎవరు కాగితాలు ఇచ్చినా ఆవిడ పుచ్చుకోరు. రాసినవాళ్ళే పైకి చదవాలి. ఆవిడ ఏదో ఒక ఇంటిపని చేసుకుంటూ వింటారు.

ఆ రోజు వకుళ ఒక్కతే వచ్చింది. రాజ్యంగారు చాప మీద కూర్చుని పచ్చి కందికాయలు ఒలుస్తున్నారు.

"ఇదే నా ఆఖరి కథండీ," అంది వకుళ.

"సన్యాసం పుచ్చుకునేవాళ్ళు కూడా ఇంత చాటింపు వెయ్యరు. చదువు."

కమలిని అనే ఇల్లాలి కథ అది. కొడుకు పుట్టినరోజునాడు, కేకు తీసుకురావడం ఆలస్యమైందని, చుట్టాలందరి ముందూ భర్త ఆమె చెంప మీద కొడతాడు. కమలిని చేతిలో ఉన్న ప్లేట్లు బల్ల మీద పెట్టి, చెప్పులు వేసుకుని, బస్టాండుకి నడిచి వెళ్ళిపోతుంది.

చదువుతుంటే వకుళ గొంతు తడబడింది. చెప్పులు వేసుకున్న చోట ఆగి మంచినీళ్ళు తాగింది. రాజ్యంగారి చేతులు నెమ్మదించాయి.

చివరి పేజీకి వచ్చేసరికి ఆ గొంతు సాఫీగా సాగిపోయింది. "భర్త ముఖం ఆమె కళ్ళ ముందు మెదిలింది. ఆ ముఖంలో పశ్చాత్తాపం వెన్నెలలా పరుచుకుంది. ప్రేమ ముందు అహం ఓడిపోయింది. కమలిని అడుగులు తన ఇంటివైపు సాగాయి."

వకుళ ఆ పేజీని కూడా మిగిలినవాటి మీద పెట్టి, తల దించుకుని కూర్చుంది.

రాజ్యంగారు బాగుందనలేదు, బాగాలేదనలేదు. ఎన్నడూ ఎవరి కాగితాలూ ముట్టుకోని మనిషి, చెయ్యి చాపి పైనున్న ఆఖరి పేజీ తీసుకున్నారు. ముందు పరుచుకుని, ఒలిచిన కందికాయల తొక్కలన్నీ దాని మీద పోశారు.

"అయ్యో! అది ఆయన రాసిందండీ!" అంది వకుళ.

అనేశాక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"మీ ఆయన ఇరిగేషన్లో ఇంజనీరు కదూ?"

"అవునండీ."

"కాలవలకి పడ్డ గండ్లు వదిలేసి నీ కథలకి పూడ్చుతున్నాడన్నమాట."

"అలా అనకండి. ఆయన నన్ను చాలా ప్రోత్సహిస్తారు. ఏ కథ రాసినా ముందు ఆయనే చదువుతారు. నీకు ముగింపు చాతకాదని, ఆ చివర మాత్రం తనే..."

"అన్ని కథలకీనా?"

వకుళ తలూపింది.

"తిరిగొచ్చినప్పుడు ఏడవడం మాత్రం నీ వంతు. బాగానే పంచుకున్నారు."

వకుళకి ఉక్రోషం వచ్చింది. "కానీ ఆ ముగింపు అబద్ధం కాదండీ. కమలిని వెనక్కి వచ్చేసింది. అది నిజం."

"ఎందుకొచ్చింది?"

"చదివాను కదండీ. ప్రేమ..."

"అది తొక్కల కింద ఉంది. నువ్వు చెప్పు."

వకుళ చాప అంచున ఊడిన పోగు లాగుతూ కూర్చుంది.

"బస్సెక్కానండీ. బోర్డు కూడా చూళ్ళేదు. ఏదో బస్సు. కండక్టరు వచ్చి ఎక్కడికమ్మా అన్నాడు. మా అమ్మ లేదు. ఉన్నది మా అన్నయ్య ఒక్కడే. వాడేమో మా ఇంట్లోనే కేకు తింటున్నాడు. ఏ ఊరి పేరూ నోటికి రాలేదండీ. అతను మళ్ళీ అడిగాడు. వెనక సీట్లో ఎవరో నవ్వారు. దిగిపోయాను."

మాటల్లో కమలిని ఎక్కడ జారిపోయిందో వకుళ చూసుకోలేదు. రాజ్యంగారు గుర్తుచేయలేదు.

"ఇంటికెళ్ళాక, ఎక్కడికెళ్ళావని మీ ఆయన అడిగాడా?"

"లేదండీ. ప్లేట్లు చాల్లేదన్నారు."

రాజ్యంగారు ఇంకో కాయ చేతిలోకి తీసుకున్నారు. తర్వాత, "ఇదంతా కథలో లేదేం?" అన్నారు.

"ఇలా రాస్తే వేసుకుంటారాండీ?"

"చెప్పలేను. నావీ తిరిగొచ్చాయి, ఇలాంటివే."

"వేసుకుంటే ఆయన చదువుతారు."

"చదువుతాడు."

"మా అన్నయ్యకి కూడా చూపిస్తారు. ఆ తర్వాత ఆ ఇంట్లో నేను..."

ఏం కాదులే అని రాజ్యంగారు అనలేదు. ధైర్యంగా ఉండమనీ అనలేదు. చేతిలో ఉన్న కాయని ఒలవకుండా అలాగే పట్టుకున్నారు.

"మరి ఎందుకు రాయాలండీ?" అంది వకుళ. "అచ్చవ్వకపోతే ఏడుపు. అయితే ఇంకా ఏడుపు. ఎవరికోసం రాయాలి?"

రాజ్యంగారు మోకాళ్ళు పట్టుకుని లేచి లోపలికెళ్ళారు. ఒక తెల్లకాగితం తెచ్చి, వకుళ కథలో ఆఖరి పేజీ ఉండాల్సిన చోట పెట్టారు.

"కండక్టరు ఇంకా అక్కడే నిలబడి ఉన్నాడు, పిల్లా."