రాజుగారి కత్తికి తడి మర్యాద

ఎప్పటి మాటో గానీ, నీలగుట్ట రాజ్యాన్ని రణకేసరి అనే రాజు ఏలేవాడు. మనసు వెన్నే, డాబు మాత్రం ఇంతా అంతా కాదు.

ఒకనాడు పొరుగు రాజు వస్తే, రాజఖడ్గం దూసి స్వాగతం పలకబోయాడు. కత్తి రాలేదు! లాగాడు, గింజుకున్నాడు, ఇద్దరు భటులు ఒర పట్టుకున్నారు. చివరికి ఊడొచ్చింది, పిడి నుంచి మొనదాకా తుప్పే. పొరుగు రాజు మీసాల చాటున నవ్వుకున్నాడు. ఇంకేముంది, రణకేసరికి అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఆయుధశాల చూసే పోతులయ్యను రేపు సాయంత్రానికల్లా పొలిమేర దాటించండి!"

పోతులయ్య ముసలివాడు. నలభై ఏళ్లుగా ఆ కత్తుల్ని కన్నబిడ్డల్లా చూసుకున్నాడు. ఈ వయసులో ఎక్కడికని పోతాడు? కిందటి దసరా ఆయుధపూజలో కత్తికి పాలతో, కొబ్బరినీళ్లతో అభిషేకం చేయించి, చందనం పూయించి, తడితడిగానే మఖమల్ ఒరలో పెట్టించింది రాజే.

"తుడిచి, ఆరబెట్టి, కాస్త ఆముదం రాస్తాను దొరా" అని పోతులయ్య ఆనాడే మొత్తుకున్నాడు.

"ఛీ! రాజఖడ్గానికి ఆముదం కంపా? మళ్లీ దసరాదాకా ఎవరూ ముట్టుకోకండి" అని రాజు కసిరాడు. ఇప్పుడా మాట గుర్తుచేసే ధైర్యం ఎవరికుంది?

ఆస్థానంలో మల్లుభట్టు అనే చమత్కారి ఉండేవాడు. ముసలాయన పోయి ఆయన ముందు కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

"ఊరుకో పెద్దాయనా! రేపు రాజుగారి తలంటు. నువ్వూ వచ్చి ఓ మూల నిలబడు" అన్నాడు భట్టు.

తెల్లారగానే భట్టు రాజు దగ్గరికెళ్లి, "ప్రభూ, దసరానాడు మీ ఖడ్గానికి జరిగిన మర్యాద మీకు జరగకపోవడమేమిటి? ఇవాళ మీ స్నానం ఆ పద్ధతిలోనే జరిపిస్తాను" అన్నాడు. రాజు ఉబ్బి తబ్బిబ్బయ్యాడు.

పాలు పోశారు, కొబ్బరినీళ్లు పోశారు. తడి ఒంటికే చందనం మెత్తారు. పైన మఖమల్ అంగీ తొడిగి బొత్తాలు బిగించారు.

"తువ్వాలేదయ్యా?"

"ఈ మర్యాదలో తువ్వాలు లేదు ప్రభూ."

కాసేపటికే రాజుకు ఒళ్లంతా దురద. వరసగా ఏడు తుమ్ములు.

"ఓరి నీ అసాధ్యం గూలా! తడి ఒంటిమీద అంగీ బిగిస్తే ఒళ్లు పాడవదుటయ్యా?"

"మీరు గడియసేపు ఓర్చుకోలేకపోయారు ప్రభూ. పాపం, ఆ కత్తి నెలల తరబడి ఓర్చుకుంది" అన్నాడు భట్టు.

రాజు ఒంటిమీది తడి అంగీని చూసుకున్నాడు. మూల చేతులు కట్టుకుని నిలబడ్డ పోతులయ్యను చూశాడు. తల దించుకున్నాడు. అంతలో ఎనిమిదో తుమ్ము వచ్చింది, దానివెనకే నవ్వూ వచ్చింది.

"తప్పు నాదేనయ్యా పోతులయ్యా! ముందు నాకో తువ్వాలివ్వు. తర్వాత ఆ కత్తికి నీ ఇష్టమొచ్చినంత ఆముదం రాసుకో. నువ్వెక్కడికీ పోనక్కర్లేదు!"

పోతులయ్య సంతోషంతో కళ్లు తుడుచుకున్నాడు. ఆ రోజంతా కూర్చుని చింతపండుతో, ఇటుకపొడితో తుప్పు వదలగొట్టి, కత్తిని ఎండలో ఆరబెట్టి, పలచగా ఆముదం పట్టించాడు.

మర్నాడు నిండు సభలో కత్తి సర్రున వచ్చింది. రాజు మురిసిపోయి పోతులయ్య చేతికి బంగారు కడియం తొడిగాడు. మల్లుభట్టుకు పట్టుశాలువా కప్పబోయాడు.

భట్టు ఓ అడుగు వెనక్కి వేసి, శాలువా అంచును రెండు వేళ్లతో నలిపి చూశాడు.

"పొడిదేనయ్యా బాబూ!" అన్నాడు రాజు పగలబడి నవ్వుతూ.