మూడో ప్రశ్న

అనగనగా ఒక రాజు. కుంతలగిరిని ఏలే ఆ శూరవర్మకు ముగ్గురు కొడుకులు, ప్రాణంలా చూసుకునే ఒక రాగిరేకు. దాని మీద ఒకటే శాసనం: దొంగిలించిన చేతిని నరకాలి. సూది తీసినా అంతే, ఏనుగును తోలుకుపోయినా అంతే. ఆ రేకు ఇచ్చినవాడు ఘోరకంఠుడనే మాంత్రికుడు. నరికిన చేతులన్నీ ఎగిరి ఏడు సముద్రాల అవతల వాడి కోటకు చేరి, వాడికి ఊడిగం చేసేవి. ఎన్నిసార్లు గీకినా రేకు మీద అక్షరాలు మళ్లీ మొలిచేవి.

ఆ ఏడు కరువొచ్చింది. రాజకుమారులను పాలిచ్చి పెంచిన దాది పోలమ్మ, మనవడి కోసం కోట కొట్లోంచి సోలెడు బియ్యం తీసి పట్టుబడింది. పున్నమినాడు చెయ్యి నరకాలన్నారు.

మాంత్రికుణ్ణి చంపితేనే శాసనం పోతుందని పెద్దవాడు బయల్దేరి, మొదటి సముద్రం చూసి వెనక్కొచ్చాడు. రెండోవాడు మూడో సముద్రం దాకా వెళ్లి, కడుపులో తిప్పుతోందని వచ్చేశాడు. చిన్నవాడు మణికేతుడు మాత్రం తనకు గోరుముద్దలు పెట్టిన చేతిని తలుచుకుంటూ ఏడూ దాటాడు. తలపాగాలో ఒక ఎలుక. దాన్ని బోనులోంచి విడిపించింది అతనే.

కోటలో చేతులే పిండి రుబ్బుతున్నాయి, చేతులే నీళ్లు తోడుతున్నాయి. ఆకుపచ్చ గాజుల చెయ్యి ఒకటి పూలు కడుతూ ఆగి, పైన వేలాడే చిలుక పంజరాన్ని చూపించింది.

"వాడి ప్రాణం అందులోనే ఉంది బాబూ," అంది ఎలుక. "నేను తాడు కొరుకుతాను, నువ్వు పట్టుకో. మీ శాసనం ఎలుకలకు కూడా ఉండుంటే ఈపాటికి నాకు నాలుగు కాళ్లూ ఉండేవి కావు."

చిలుక చచ్చింది, మాంత్రికుడు కూలాడు, చేతులన్నీ పిట్టల గుంపులా ఇళ్లకు ఎగిరాయి. పున్నమినాడు మణికేతుడు సభకు వచ్చేసరికి రాగిరేకు నున్నగా ఉంది.

"అక్షరాలు పోతే మళ్లీ చెక్కిద్దాం. శాసనం శాసనమే," అన్నాడు రాజు.

"అయితే ముందు నా చెయ్యి నరికించండి నాన్నగారూ. నేనూ చిలుకను దొంగిలించాను."

"నువ్వెందుకు దొంగిలించావో మాకు తెలుసు."

"నా సంగతి తెలుసు. పోలమ్మ సంగతి ఎవరడిగారు? ఏం తీశావని ఒక్కటే అడిగారు. ఎందుకు తీశావు, తియ్యకముందు ఎవరిని అడిగావు అని కూడా అడగండి."

రాజు పోలమ్మ వైపు తిరిగి మూడూ అడిగాడు.

"బియ్యం తీశాను దొరా. మనవడి ఆకలి చూడలేక తీశాను. ముందు మీ కొట్టు కాడే మూడు మాట్లు అడిగాను. నిండా ఉండి కూడా లేవన్నారు."

రాజు తల దించుకున్నాడు. మళ్లీ ఎత్తి కొడుకును చూసినప్పుడు ఆయన కళ్లు గర్వంతో తడిశాయి. ఆ రోజే కొత్త శాసనం చెక్కించాడు: దొంగను మూడు ప్రశ్నలు అడగాలి. తీసింది తిరిగిప్పించాలి. ఉండీ లేదన్నవాణ్ణి దొంగ పక్కనే నిలబెట్టాలి. మొదట వెళ్లి పోలమ్మ పక్కన నిలబడింది రాజే.

తర్వాత మణికేతుడు అరవై ఏళ్లు చల్లగా ఏలాడు. ఆ దేశస్థులు ఎక్కడికెళ్లినా "మాది మూడు ప్రశ్నల దేశం" అని రొమ్ము విరుచుకుని చెప్పుకునేవారు.

అన్నట్టు, పెళ్లి సంగతి చెప్పనేలేదు కదూ పిల్లలూ. ఆకుపచ్చ గాజుల చెయ్యి పూలమ్మే చేమంతిది. మణికేతుడు వెతుక్కుంటూ వెళ్లి ఆమెనే చేసుకున్నాడు. పెళ్లిదండలు చేమంతే కట్టింది. పెళ్లికొడుకు నుదుట బాసికం కట్టింది పోలమ్మ, తన రెండు చేతులతో.