చెత్తదిబ్బకు ముహూర్తం

అనగనగా అని మొదలుపెట్టడానికి కూడా ఆయన అనుమతి కావాలేమోనని నాకు భయం. అలాంటి మహారాజు ఒకాయన ఒకానొక రాజ్యాన్ని ఏలుతుండేవారు. పేరు ప్రచండసేనులవారు. ఆ నగరంలో కొత్తది ఏది మొదలైనా తొలి చెయ్యి ఆయనదే కావాలి. బావి తవ్వితే తొలి పలుగు ఆయనే వెయ్యాలి. ఆఖరికి వీధిలో రుబ్బురోలు నాటినా, ఆయన వచ్చి పిడికెడు పప్పు పోసేదాకా ఎవరింట్లోనూ గారెలు లేవు. నిజం, నమ్మండి.

కోటగోడ వెనకాల, సరిగ్గా ఊరి నడిబొడ్డున, రాజుగారి ఖాళీ స్థలం ఒకటి ఉండేది. ఖాళీ అన్నది మాటకే, ఊరి చెత్తంతా అక్కడే. ముక్కు మూసుకోకుండా ఆ దారిన నడిచినవాళ్ళు లేరు. పక్కనే ఉన్న సాలెవీధిలో పిల్లలకు ఒకరి తర్వాత ఒకరికి జ్వరాలు.

ఆ వీధిలో మంగతాయమ్మ అనే పెద్దావిడకు ఒక పొద్దున ఒళ్ళు మండింది. పార పట్టుకుని ఆ కంపులోకి దిగింది. ఆమెను చూసి వీధి వీధంతా దిగింది. ఎవరూ కూలి అడగలేదు. కుళ్ళిన చెత్తను గోతుల్లో కప్పెట్టారు, పెంకులు ఏరారు, మడులు కట్టారు, పందిళ్ళు వేశారు. పొట్ల, బచ్చలి, వంగ, కొత్తిమీర వేశారు. గట్ల వెంట బంతి నాటారు. అనుమతి మాత్రం అడగలేదు.

ఒకనాడు రాజుగారు ఏనుగెక్కి అటుగా వచ్చారు. అలవాటు ప్రకారం అత్తరు రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నారు. కాసేపటికి అనుమానంగా తీశారు. గట్టిగా పీల్చారు. కళ్ళు ఇంతింత చేసుకున్నారు.

"ఇక్కడ ఉండాల్సిన కంపు ఏమైంది?"

మావటి చేత్తో చూపించాడు. పందిరి నిండా మూరెడేసి కాయలు వేలాడుతున్నాయి.

"మా నేలలో, మా చెయ్యి పడకుండా, పొట్లకాయలా!" అన్నారు రాజుగారు. ఆ దిగ్భ్రాంతిలో కిరీటం పక్కకు ఒరిగినా చూసుకోలేదు.

మంగతాయమ్మను సభకు ఈడ్చుకొచ్చారు.

"ఎవరి చేత్తో మొదలుపెట్టావు?"

"నా చేత్తోనే ప్రభూ. తమరు వచ్చేదాకా ఆగితే విత్తనాలు పుచ్చిపోవూ!"

మంత్రిగారు చెవులు మూసుకున్నారు. రాజుగారు పీఠం మీంచి లేచి తీర్పు చెప్పారు. తోటంతా పీకెయ్యాలి. ఆ స్థలం మునుపు ఎలా ఉండేదో అలా చెయ్యాలి. ఆ పని మొదలైన రోజే మంగతాయమ్మ ఇల్లూ వాకిలీ వదిలి నగరం దాటి పోవాలి.

"నన్ను పొమ్మంటే పోతాను. వంగ ఇప్పుడే పూతకొచ్చింది ప్రభూ, ఆ ఒక్క కాపూ పిల్లల్ని తిననివ్వండి," అని ఆమె చేతులు జోడించింది. తోట వేసినందుకు ముసలమ్మను ఊరు వెళ్ళగొడతారా! ఎందరు తల దించుకున్నారో గాని, నోరు విప్పింది ఒక్కడే. ఆస్థానంలో ముహూర్తాలు పెట్టే కొండుభట్టు.

"ప్రభూ, మునుపటిలా చెయ్యడం కూడా పెద్ద పనే. మంచి ముహూర్తం చూసి, మేళతాళాలతో, తమరి చేతుల మీదుగా..."

"మా చెయ్యి పడకుండా ఎలా! ఘనంగా పెట్టు," అన్నారు రాజుగారు. మేళతాళాలు అనేసరికి ఆయన ఇంకేమీ ఆలోచించరు.

ముహూర్తం రోజున తోట పక్కన పందిరి వేశారు, మామిడి తోరణాలు కట్టారు. సన్నాయి మోగుతోంది. ఊరంతా తరలివచ్చింది. ఒక పక్కన భటుల నడుమ మంగతాయమ్మ, చంకలో మూట. రాజుగారు పట్టుబట్టలు కట్టి వెండిపీట మీద కూర్చున్నారు. కొండుభట్టు బంగారు పళ్ళెం తెచ్చి ముందు పెట్టి, మీద కప్పిన పట్టుగుడ్డ తీశాడు.

పళ్ళెంలో పాచిపోయిన పప్పు, నమిలేసిన ములక్కాడ పిప్పి, కుళ్ళిన అరటితొక్కలు. సన్నాయి ఆగిపోయింది.

"ఏమిట్రా ఇది!"

"చెత్త ప్రభూ. తమరి వంటశాలదే, నిన్నటిది. తోట పీకితే ఉత్త నేల మిగులుతుంది, చెత్తదిబ్బ అవ్వదు కదా. దాన్ని కొత్తగా మొదలుపెట్టాలి. కొత్తది ఏదైనా తొలి చెయ్యి తమరిదే. ఆ తర్వాత వెయ్యడానికి జనం కాచుకుని ఉన్నారు."

నిజమే, ఊరంతా బుట్టలు పట్టుకుని బారులు తీరి ఉంది. కొండుభట్టు పక్కకు తిరిగి ఒక రాతిపలక మీది తెర లాగేశాడు. "ఈ చెత్తదిబ్బ శ్రీ ప్రచండసేన మహారాజులుంగారి దివ్యహస్తములతో ప్రారంభింపబడినది" అని చక్కని అక్షరాలు చెక్కి ఉన్నాయి.

జనం నిర్ఘాంతపోయారు. కొండుభట్టు తల ఇక మొండెం మీద ఉండదనుకున్నారు. రాజుగారు పలక వంకా పళ్ళెం వంకా మార్చి మార్చి చూశారు. ఆయన ముఖం పాలిపోయింది.

"మరి మునుపటి దిబ్బను ఎవడు మొదలుపెట్టాడు?" అన్నారు చివరికి, గొంతు తగ్గించి.

"తెలియదు ప్రభూ. అదీ తమరి చెయ్యి పడకుండానే మొదలైంది. దాన్ని మాత్రం తమరు ఏనాడూ ఊరు దాటించలేదు."

భటులు కత్తుల మీద చెయ్యి వేశారు. అంతలో రాజుగారి పొట్ట కదిలింది, భుజాలు ఊగాయి. పకపకా నవ్వారు. వెండిపీట మీంచి కిందికి ఒరిగేదాకా నవ్వారు.

"భటులారా, ఆ మూట దింపండి. ఈ తోట సాలెవీధిది. అవునుగాని తల్లీ, మా చెయ్యి అసలు పడనే లేదే ఇందులో?" అన్నారు కాస్త బెంగగా.

"పడనివ్వండి ప్రభూ. వంగమడిలో కలుపు ఉంది. ఆ ఉంగరాలు తీసి రండి, మట్టి పని."

రాజును ఉంగరాలు తియ్యమనడమా! మంత్రిగారికి మూర్ఛ వచ్చినంత పనైంది. రాజుగారు ఒక్కొక్క ఉంగరమే తీసి కొండుభట్టు దోసిట్లో వేశారు. పంచె ఎగ్గట్టి మడిలోకి దిగారు.

"ప్రభూ, వీటిని మళ్ళీ ధరించడానికి ముహూర్తం?" అన్నాడు కొండుభట్టు.

"దానికి ముహూర్తం లేదు. అవి నీకే," అన్నారు మహారాజు, తల ఎత్తకుండానే.